పెళ్లి రథానికి బ్రేకు: వెనక చక్రాలకు చాలా, నాలుగింటికీ కావాలా?

బ్రాడీపేట_రథం (గుంటూరు)
అందరికీ నమస్కారం. రెండు గుర్రాల పెళ్లి రథానికి బ్రేకు పెట్టించాలి. ఖాళీ బరువు 520 కిలోలు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, తోలే మనిషి, సహాయకుడు, బ్యాటరీలు, పూలు, లైట్లు అన్నీ ఎక్కాక 850. వెనక చక్రాలు 40 అంగుళాలు, ముందువి 30. ఇనుప రింగు మీద గట్టి రబ్బరు పట్టీ. ముందు ఇరుసు నొగతో పాటు పళ్లెం మీద తిరుగుతుంది. ఇప్పటిదాకా బ్రేకు లేదు, గుర్రాలే ఆపుతున్నాయి. గుంటూరు వీధుల్లో ఎలాగో నెట్టుకొస్తాం గానీ విజయవాడ బేరం వస్తే కాలువ వంతెనలు, ఫ్లైఓవర్లు తప్పవు. పాత ఆటో డ్రమ్ములు బిగిస్తే చాలని మెకానిక్ అంటున్నాడు. చాలతాయా?

ఇరుసుశీల (విజయవాడ)
డ్రమ్ము సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎంత బలాన్ని ఆపాలో తేల్చుకోండి.

వాలు 15కి 1 అనుకుందాం. ఫ్లైఓవర్లు ఇంత వాలుగా ఉండవు, కాలువ వంతెన దిగే చోట కొద్ది దూరం ఉండొచ్చు. 850 కిలోల బండి ఆ వాలులో సుమారు 57 కిలోల బలంతో కిందికి తోస్తుంది. చక్రాలు దొర్లడంలో ఉండే నిరోధం తారు రోడ్డు మీద బరువులో నూటికి రెండు వంతులు, అంటే 17 కిలోలు. అది పోగా 40 కిలోలు. ఈ 40 ఇప్పుడు మీ గుర్రాల పిరుదుల మీద, మెడల మీద పడుతోంది.

సడన్‌గా ఆపాల్సి వచ్చినప్పుడు లెక్క వేరు. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని చదును నేల మీద 4 మీటర్లలో ఆపాలంటే బ్రేకు ఒక్కటే 67 కిలోలు లాగాలి. వాలులో అదే పని చెయ్యాలంటే 57 కలిసి 124 అవుతుంది. కాబట్టి వెనక రెండు చక్రాలకూ కలిపి నేల దగ్గర 120 కిలోలు వచ్చేలా కట్టుకోండి. చక్రానికి 60.

ఇక ఆటో డ్రమ్ము. ఆటోకు 4.00-8 టైరు. దాని వ్యాసార్థం 21 సెంటీమీటర్లు. మీ వెనక చక్రానిది 51. డ్రమ్ము ఒక్కటే, తిప్పుడు బలం ఒక్కటే, చక్రం మాత్రం రెండున్నర రెట్లు. ఆటోలో నేల దగ్గర వంద కిలోలు లాగిన డ్రమ్ము మీ రథానికి 41 కిలోలే లాగుతుంది. మీ మెకానిక్ ఈ లెక్క చూసి ఉండడు.

పాతబండి (మంగళగిరి)
ఇన్ని లెక్కలెందుకండీ! చక్రం అంచుకు చెక్క దిమ్మె ఒత్తితే వ్యాసార్థం గొడవే ఉండదు. పట్టు నేరుగా అంచు మీదే. గుర్రపు బండ్లు వందల ఏళ్లు అలాగే ఆగాయి.

ఇరుసుశీల (విజయవాడ)
అంచు బ్రేకులో వ్యాసార్థం గొడవ లేదన్నది నిజమే. కానీ ఆయన చక్రానికి రబ్బరు పట్టీ ఉంది. చెక్క దిమ్మె రబ్బరు మీద రాసుకుంటే రెండూ అరుగుతాయి. వేడికి రబ్బరు మెత్తబడి, రింగు గాడిలోంచి పట్టీ జరుగుతుంది. తీగతో బిగించిన పట్టీ అయితే అతుకు దగ్గర లేస్తుంది. ఇనుప పట్టా చక్రమైతే మీ మాటే నా మాట.

ఆటోనగర్_లేతు (విజయవాడ)
మారుతి 800 వెనక డ్రమ్ము చూడండి, 180 మి.మీ. ఆటోనగర్‌లో పాతవి జతగా దొరుకుతాయి. వ్యాసార్థం లెక్క వేసే చెబుతున్నా. చక్రానికి 60 కిలోలు కావాలంటే చక్రం కుండ (మధ్యనుండే హబ్) దగ్గర 30 కిలోగ్రాం-మీటర్ల తిప్పుడు బలం. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నూనెను తోసేది) 19 మి.మీ., చక్రం సిలిండర్ 17.5 మి.మీ., పెడల్ 6కి 1 పెట్టుకుంటే కాలితో 33 కిలోలు తొక్కాలి. అత్యవసరానికి అది పర్లేదు. మామూలు దిగుడులో 40 కిలోలే కాబట్టి 11 కిలోల తొక్కుడు చాలు. వాక్యూమ్ బూస్టర్ ఉండదు గనుక పెడల్ నిష్పత్తి 6కి తగ్గించకండి. 4 పెడితే బండి ఆగదు, తోలే మనిషి తొడ పట్టేస్తుంది.

బిగింపు ఇలా. డ్రమ్మును చక్రం కుండ లోపలి వైపు 10 మి.మీ. మందం ఫ్లాంజి (గుండ్రటి ఇనుప పలక) వేసి నాలుగు బోల్టులతో కట్టాలి. ఫ్లాంజి వెల్డు చేశాక చక్రంతో సహా లేతు మీద పెట్టి ముఖం తోపించాలి. ముందే తోపించి తర్వాత వెల్డు చేస్తే వేడికి వంగుతుంది. డ్రమ్ము అర మి.మీ. ఊగినా పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, గుర్రానికి ఆ కుదుపు నొగలోంచి తెలుస్తుంది. బ్రేకు షూలు కూర్చునే వెనక ప్లేటును ఇరుసుకు వెల్డు చెయ్యండి, బండి చట్రానికి కాదు. స్ప్రింగు కిందికి పైకి ఆడినప్పుడు ప్లేటు ఇరుసుతోనే కదలాలి.

ఇరుసు గుండ్రటి కడ్డీ అయి, స్ప్రింగు మీద యు-బోల్టులతో మాత్రమే కూర్చుని ఉంటే, బ్రేకు వేసినప్పుడు ఇరుసే తిరగబోతుంది. యు-బోల్టుల కింద పలక దగ్గర గూటమో చదును ముఖమో ఉందేమో చూసుకోండి. ఇది చూడని వాళ్లే ఎక్కువ.

పాతబండి (మంగళగిరి)
రబ్బరుకు నప్పదంటే ఒప్పుకుంటున్నా. ఇనుప పట్టా బండ్ల వాళ్లు కూడా ఇక్కడ చదువుతారు, వాళ్ల కోసం రాస్తాను.

దిమ్మె పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు, మందం 7 లేదా 8. వెనక చక్రం ముందు వైపు, ఇరుసు ఎత్తుకు సమానంగా గానీ కొంచెం కిందికి గానీ. ముఖాన్ని చక్రం వంపుకు చెక్కాలి, మధ్యలో మూడింట రెండు వంతులు ముందు తగలాలి, కొసలు అరిగాక కూర్చుంటాయి. గట్టి చెక్క మంచిదనుకుని తుమ్మ పెట్టకండి. తుమ్మ ఇనుము మీద నునుపెక్కి మెరుస్తుంది, కీచుమంటుంది, పట్టు పోతుంది. మామిడి లాంటి మెత్తటి చెక్క త్వరగా అరుగుతుంది గానీ పట్టుకుంటుంది. యూరప్‌లో పోప్లర్, విల్లో వాడింది కూడా అందుకే. దిమ్మె అరిగితే మార్చుకుంటాం, పట్టా అరిగితే చక్రమే దించాలి.

చేతి లీవరు పొడవు 60 సెంటీమీటర్లు, కింది చెయ్యి 10. ఇది ఆరు రెట్లు. అడ్డ కడ్డీ దగ్గర ఇంకో రెండు రెట్లు. మొత్తం పన్నెండు. 20 కిలోల చేతి బలానికి రెండు దిమ్మెల మీద 240 కిలోల ఒత్తిడి. పొడి చెక్కకు ఇనుము మీద రాపిడి 0.35 అనుకుంటే 84 కిలోలు ఆపుతుంది. తడిస్తే 0.2కి పడిపోతుంది, 48 మాత్రమే. వాన పడుతున్నప్పుడు వాలు మొదలయ్యే ముందే దిమ్మెను కాసేపు తేలికగా ఆనించి తడి తుడిపించాలి.

ఒక లోపం తరచూ కనిపిస్తుంది: ఖాళీ బండికి బ్రేకు అందదు, జనం ఎక్కితే దానంతట అదే పట్టేస్తుంది. అడ్డ కడ్డీని బండి పెట్టెకు బిగించడమే కారణం. స్ప్రింగు అణిగి పెట్టె మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది, ఆకుల స్ప్రింగు చదునై ఇరుసు కాస్త వెనక్కో ముందుకో జరుగుతుంది, సందు మారిపోతుంది. కడ్డీని ఇరుసుకు వేలాడదీస్తే ఈ బాధ లేదు.

పగ్గం (విజయవాడ)
ఇనుప పట్టా విషయంలో ఒక్క మాట. పెద్ద దిగుడులో దిమ్మెను ఒత్తిపట్టి ఉంచితే పట్టా వేడెక్కి సాగుతుంది. మన ఎండాకాలంలో చెక్క ఎండి ఇప్పటికే కుంచించుకుని ఉంటుంది. రెండూ కలిస్తే పట్టా వదులై పక్కకు జరుగుతుంది. 1000 కిలోల బండి 10 మీటర్ల ఎత్తు దిగితే 98 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒక చోట వేడిగా మారాలి కదా. వాలు పొడుగ్గా ఉంటే మధ్యలో ఆపి చల్లారనివ్వండి.

ఘాట్‌రోడ్డు (కొండపల్లి)
విదేశీ సినిమాల్లో చక్రం కింద ఇనుప బూటు లాంటిది పెట్టి గొలుసుతో కడతారు. అది ఇక్కడ పనికొస్తుందా? ఒక రిసార్టు వాళ్లు ప్రదర్శన కోసం పాత కాంకర్డ్ కోచ్ (అమెరికా గుర్రపు ప్రయాణ బండి) నమూనా కట్టిస్తున్నారు.

పాతబండి (మంగళగిరి)
దాన్ని జారుడు బూటు అందాం. వెనక చక్రం దాని మీదికి ఎక్కుతుంది, తిరగడం ఆగిపోతుంది, బూటు నేల మీద ఈడ్చుకుపోతుంది. చక్రాన్ని ఉత్త గొలుసుతో కట్టేస్తే పట్టా ఒకే చోట అరిగి చదునవుతుంది, బూటు ఉంటే అరుగుడు దాని అడుగుకు పడుతుంది. గొలుసు పొడవు సరిగ్గా ఉండాలి. బూటు ఇరుసుకు నేరుగా కిందకు రావాలి. పొడవెక్కువైతే చక్రం దాన్ని దాటిపోయి గొలుసు తెగుతుంది. కొలత కుదిరాక గొలుసును చట్రానికి బిగించండి, ఇరుసుకు కాదు. ఒకే వైపు పెడితే బండి ఆ వైపుకే లాగుతుంది, మన దగ్గర ఎడమ చక్రానికి పెట్టుకోవడం మేలు, లాగినా రోడ్డు అంచుకు లాగుతుంది. దిగాక తియ్యాలంటే గుర్రాలను ఒక అడుగు వెనక్కి నడిపించాలి. బూటు అప్పటికి కాలుతూ ఉంటుంది, వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఊరి రోడ్ల మీద మాత్రం వద్దు. తారును చీరేస్తుంది, అవసరమైన చోట ఒదిలే వీలుండదు. కాంకర్డ్ కోచ్‌కు అసలు తోలేవాడి కుడి పాదం దగ్గర లీవరు ఉంటుంది, వెనక చక్రాల దిమ్మెలను అదే ఒత్తుతుంది. 1827లో న్యూహాంప్‌షైర్‌లో మొదలైన బండి అది. నమూనాకు ఆ లీవరు పెట్టిస్తే చాలు, నిజంగా పనిచేసేలా పెట్టించండి.

బ్రాడీపేట_రథం (గుంటూరు)
లేతు అన్నా, డ్రమ్ము సరే. నాలుగు చక్రాలకూ పెట్టిస్తే ఇంకా బాగా ఆగదా? ముందు చక్రాలు చిన్నవి కదా, అదే డ్రమ్ము ఎక్కువ పట్టు ఇస్తుంది.

ఆటోనగర్_లేతు (విజయవాడ)
పట్టు ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. ముందు ఇరుసు మధ్య బోల్టు మీద తిరుగుతుంది. ముందు రెండు చక్రాల్లో ఒకటి కొంచెం ముందుగా పట్టిందనుకో, ఇరుసు ఆ వైపుకు తిరగబోతుంది, నొగ కొస పక్కకు విసురుగా వెళ్లి గుర్రం భుజానికి కొడుతుంది. రెండూ సమానంగా పట్టేలా ఉంచడం మన వర్క్‌షాపు పని కాదని కాదు, పూలదండలు వేలాడే రథానికి అంత నిర్వహణ ఎవరు చేస్తారు? పోటీల బండ్లకు నాలుగు డిస్కులు ఉంటాయి, ముందుకూ వెనకకూ వేరువేరు పెడళ్లు ఉంటాయి. వాటిని తోలేవాళ్లు ఆ పనే నేర్చుకుని ఉంటారు. నువ్వు వెనక రెండే పెట్టించుకో.

పగ్గం (విజయవాడ)
బ్రేకు పెట్టించాక తోలు సామాను మర్చిపోవద్దండీ. జోడీ గుర్రాల్లో బండిని ఆపే బలం నొగ కొస నుంచి మెడ పట్టాకు వెళ్లే గొలుసుల్లోంచి పోతుంది. ఆ గొలుసులు వదులుగా ఉంటే బండి అడుగు దూరం పరిగెత్తి ఒక్కసారిగా తగులుకుంటుంది, గుర్రం బెదురుతుంది. మరీ బిగువుగా ఉంటే నొగ బరువంతా మెడ మీదే. గుర్రాలు ముందుకు లాగుతున్నప్పుడు గొలుసు కొద్దిగా వాలి ఉండాలి.

పిరుదు పట్టా ఎత్తు కూడా చూడండి. మరీ పైన ఉంటే తోక కిందికి జారుకుంటుంది, మరీ కింద ఉంటే వెనక కాళ్లను నేల మీద నుంచి లేపేస్తుంది. పిరుదు ఎముక మొనకూ తొడ కింది కండకూ మధ్యలో ఉండాలి, బండి లాగుతున్నప్పుడు పట్టాకూ ఒంటికీ మధ్య ఒక అరచెయ్యి దూరాలి.

వాలు దిగే పద్ధతి: వాలు మొదలవ్వకముందే బ్రేకు తేలికగా వేసి, లాగుడు పట్టాలు కొంచెం బిగువుగానే ఉండేలా చూసుకోవాలి. గుర్రం బండిని ఆపకూడదు, అలాగని కిందికి దిగుతూ బరువు లాగకూడదు. పట్టాలు జారిపోతే బ్రేకు చాలదు, గట్టిగా బిగిస్తే బ్రేకు ఎక్కువైంది. తోలేవాడి చూపు అక్కడే ఉండాలి.

పశువుల_డాక్టరు (గుంటూరు)
ఇనుప లాడాలు కొట్టిన గుర్రం కొత్త సిమెంటు రోడ్డు మీద బండిని ఆపలేదు. కాలు జారి మోకాలు పగులుతుంది, వెనక కాళ్ల స్నాయువులు తెగుతాయి. బ్రేకు ఉన్నా లాడానికి గట్టి లోహపు మొనలు గానీ రబ్బరు ముఖం గానీ ఉండాలి.

చట్టం సంగతి కూడా ఒకసారి చూడండి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువుతో బండి లాగించకూడదు. రోజుకు మొత్తం 9 గంటలకు మించి కూడదు. మన మే నెలలో మధ్యాహ్నం ముహూర్తం పెళ్లి ఊరేగింపులకు ఇదే ముందు అడ్డం. 30 మీటర్లకు 3 మీటర్లకు మించిన ఎక్కుడు కిలోమీటరు పైన ఉంటే అనుమతించిన బరువు సగమే.

జట్కాస్టాండు (విజయవాడ)
రెండు చక్రాల జట్కాకు బ్రేకు పెట్టొచ్చా? ఒంటి గుర్రం, ఇనుప పట్టా చక్రాలు, నలుగురు కూర్చునేది.

ఇరుసుశీల (విజయవాడ)
పెట్టొచ్చు, కానీ తేడా ఉంది. జట్కాలో నొగలు గుర్రం వీపు మీద ఆనుతాయి. బ్రేకు బలం నేల దగ్గర పుడుతుంది, బరువు కేంద్రం దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. ఆపుతుంటే బండి ముందుకు తలవంచుతుంది, ఆ బరువు వీపు మీద పడుతుంది. 400 కిలోల జట్కాకు 20కి 1 వాలులో తోపుడు 20 కిలోలు. బరువు కేంద్రం మీటరు ఎత్తులో, వీపు ఇరుసుకు రెండు మీటర్ల ముందు ఉంటే వీపు మీద అదనంగా 10 కిలోలు. పిరుదు పట్టాతోనే ఆపితే బలం నొగ ఎత్తులోనే ఉంటుంది గనుక ఈ అదనం చాలా తక్కువ.

అందుకే జట్కావాడు దిగుడులో "వెనక్కి జరగండి" అనీ, ఎక్కుడులో "ముందుకు రండి" అనీ అరుస్తాడు. అది బండిని తూకంలో ఉంచడానికి. బ్రేకు పెట్టుకుంటే జనాన్ని జరపడం ఇంకా ముఖ్యం. సన్నటి దిమ్మెలు, తేలిక లీవరు చాలు. గట్టి బ్రేకు పెడితే గుర్రం వీపుకు పుండ్లు.

ఆటోనగర్_లేతు (విజయవాడ)
బ్రాడీపేట తమ్ముడూ, నూనె నింపడం, గాలి తియ్యడం కూడా రాసేస్తున్నా. బ్రేకు నూనె డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ. రెండేళ్లకు ఒకసారి మార్చు, అది గాల్లో తేమ తాగుతుంది. డాట్ 3 కొత్తప్పుడు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ తాగితే 140. రంగు మీద పడితే రంగు లేస్తుంది, రథం బంగారు రంగు జాగ్రత్త.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలెట్టాలి. ఒకరు పెడల్ మెల్లగా రెండు మూడుసార్లు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం సిలిండర్ నిపిల్‌ను అర తిప్పు వదలాలి, ట్యూబు కొస నూనె సీసాలో ముంచి ఉండాలి. పెడల్ నేలకు తగిలాక నిపిల్ బిగించి, ఆ తర్వాతే కాలు తియ్యాలి. ముందే కాలు తీస్తే తీసిన గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. బుడగలు ఆగేదాకా ఇదే. ట్యాంకులో నూనె అడుక్కి పోనివ్వకు.

తర్వాత పెడల్ మెత్తగా ఉంటే గాలి ఉన్నట్టు. గట్టిగానే ఉండి బండి ఆగకపోతే షూలకు గ్రీజు అంటింది. తొక్కగానే నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పోయింది. ఒక చక్రమే వేడెక్కుతుంటే రిటర్న్ స్ప్రింగు గానీ, పాత రబ్బరు పైపు లోపల వాచి నూనెను వెనక్కి రానివ్వకపోవడం గానీ. చక్రాలను జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడు. షూ కొద్దిగా రాస్తున్న చప్పుడు రావాలి, చక్రం మాత్రం ఆగకూడదు.

ఇంకోటి: డెకరేషన్ వాళ్లు కింద చుట్టూ కుచ్చుల గుడ్డ కడతారు. అది డ్రమ్ముకూ ప్లేటుకూ మధ్య సందులో చుట్టుకుంటుంది, పెడల్ కిందికి బంతిపూల దండ దూరుతుంది. పెడల్ చుట్టూ రేకు పెట్టె చేయించు.

బ్రాడీపేట_రథం (గుంటూరు)
అర్థమైంది అన్నా. ఊరేగింపు మధ్యలో బాణసంచా కాల్చేటప్పుడు పావుగంట నిలబడాలి. పెడల్ తొక్కి ఒక పుల్ల అడ్డం పెట్టేస్తే సరిపోతుందా?

ఆటోనగర్_లేతు (విజయవాడ)
సరిపోదు. నూనె బ్రేకును నిలబెట్టడానికి వాడకు. చిన్న లీకు ఉన్నా ఒత్తిడి పోతుంది, ఎప్పుడు పోయిందో తెలియదు. మారుతి డ్రమ్ములో హ్యాండ్‌బ్రేకు కేబుల్ లీవరు ఎలాగూ ఉంటుంది. రెండు కేబుళ్లూ ఒక సమాన కడ్డీ మధ్యకు తెచ్చి, పళ్ల పట్టీ ఉన్న లీవరుకు కట్టు. సమాన కడ్డీ లేకుండా రెండూ ఒకే బోల్టుకు కడితే పొట్టి కేబుల్ వైపు చక్రం పట్టి, రెండోది ఊరికే ఉంటుంది.

పగ్గం (విజయవాడ)
హ్యాండ్‌బ్రేకు వేశాక కూడా వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క మొద్దులు పెట్టండి. ఒక మనిషి గుర్రాల తలల దగ్గర ఉండాలి. బాణసంచా ఉంటే వాటి ముఖం చప్పుడు వైపు తిప్పి నిలబెట్టండి, వెనక నుంచి పేలితేనే ఎక్కువ ఉలిక్కిపడతాయి.

విప్పేటప్పుడు వరస: మొద్దులు పెట్టి, నొగ గొలుసులను కొద్దిగా వదులు చేసి, ముందు లాగుడు పట్టాలు విప్పాలి, తర్వాతే నొగ గొలుసులు పూర్తిగా తీయాలి. కట్టేటప్పుడు దీనికి తిరగేసి. గుర్రం బండికి కట్టి ఉండగా కళ్లెం మాత్రం తియ్యొద్దు.

బ్రాడీపేట_రథం (గుంటూరు)
వెనక డ్రమ్ములు, కేబుల్, పెడల్ చుట్టూ రేకు. ఫ్లాంజి కొలతలు రేపు పెడతాను. కుండ బయటి వ్యాసం 110 మి.మీ., బోల్టులకు చోటు ఉంటుందా?

ఆటోనగర్_లేతు (విజయవాడ)
డ్రమ్ము మధ్య రంధ్రం 110 కంటే చిన్నదే ఉంటుంది, కాబట్టి డ్రమ్ము కుండ మీదికి ఎక్కదు. ఫ్లాంజిని కుండ కొసకే వెల్డు చేసి, డ్రమ్మును దాని ముఖం మీద కూర్చోబెట్టాలి. ఫ్లాంజి 150 మి.మీ. గుండ్రంగా కోయించు. బోల్టు రంధ్రాలు మాత్రం నీ దగ్గరున్న డ్రమ్మును దాని మీద పెట్టి గుర్తు పెట్టాకే కొట్టించు. ఇరుసు ఫొటో కూడా పెట్టు, యు-బోల్టుల దగ్గర చదును ఉందో లేదో చూడాలి.